వేళ చెప్పని పిలుపు

మా తోడికోడలికి గొంతు ఆపరేషన్ అన్న కబురు నాకు మొదట చెప్పింది పాలు పోసే పిన్ని. నరసరావుపేటలో మా వీధికీ, రెండు వీధుల అవతల ఉన్న మా తోడికోడలి వీధికీ ఆమే పాలు పోస్తుంది. పోసేది రెండు పూటలా పాలే అయినా, ఇచ్చేవి మాత్రం ఊరి కబుర్లు. ఆవేళ పొద్దున గిన్నెలో పాలు వంచుతూ, "ఏందే పెద్దమ్మాయ్, చిన్నమ్మాయి బుధవారం నుంచి పాలు వద్దంది. గురువారం మద్రాసులో గొంతు కోస్తారంటగా?" అంది. నా చేతిలో గిన్నె ఒరిగి పాలు గడప మీద పడ్డాయి. అయ్యో అమ్మవారూ అనుకుంటూ కొంగుతో తుడిచాను. అయితే ఆ తుడుపులో భయంకంటే ముందు వచ్చింది ఇంకోటి. రెండు వీధుల దూరంలో తోడికోడలిని నేనుండగా, ఈ మాట పాలు పోసే పిన్నికి ముందెట్లా తెలిసింది? మనసులో చురుక్కుమంది. దేవుడు నాకు చానా ఇచ్చాడు, రోజూ దణ్ణం పెట్టి లెక్క ఒప్పుకుంటాను. దాంతోపాటు ఈ చురుకును కూడా ఇచ్చాడు, ఎందుకో ఆయనకే తెలియాలి.

పిన్ని వెళ్ళాక ఫోను తీసి చూస్తే, మా తోడికోడలి వాయిస్ మెసేజ్ ఒకటి నాలుగు రోజులుగా అక్కడే ఉంది. నేను వినలేదని కాదు. అది వచ్చిన రోజు పప్పు రుబ్బుకుంటూ విన్నాను. "అక్కా, మీకు వీలైనప్పుడు ఒకసారి ఫోన్ చేయండి. తొందరేం లేదు." అంతే. గొంతు కొంచెం బొంగురుగా ఉంటే జలుబు అనుకున్నాను. మాగాయ జాడీ కోసం అయ్యుంటుంది, తొందరేం లేదంటోందిగా, రేపు చేద్దాంలే అనుకున్నాను. రేపు ఎల్లుండి అయింది. ఆమె మాటల్లో నన్ను ఏళ్ళ తరబడి కాల్చుకు తిన్న మాట ఏదైనా ఉందంటే అది ఇదే, ఈ 'వీలైనప్పుడు', ఈ 'తొందరేం లేదు'. ఆ సంగతి చెప్పాలంటే ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చిన రోజులనుంచి మొదలుపెట్టాలి.

నేను బడికెళ్ళి చదివినదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. గురజాలలో మా నాన్న వకీలు దగ్గర గుమాస్తా. సాయంత్రం కోర్టు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, దేవుడి ముందు దీపం పెట్టి, ఆ దీపం దగ్గరే నాకు పాఠం చెప్పేవాడు. తెలుగు స్తోత్రాలతో, లెక్కలు చిట్టాలతో నేర్పాడు. ఇంగ్లీషు మాత్రం ఆయనకు వచ్చిందే నేర్పగలడు కదా. వచ్చింది అర్జీల ఇంగ్లీషు. 'ఐ హంబ్లీ బెగ్ టు సబ్మిట్' అని మొదలై 'ఫర్ విచ్ యాక్ట్ ఆఫ్ కైండ్‌నెస్' అని ముగిసేది. పదేళ్ళ పిల్లని, ఉబ్బసంతో ఈలలు వేస్తూ ఆ వాక్యాలు వల్లించేదాన్ని. ఇంగ్లీషంటే అదే అనుకున్నాను. ఒక మనిషి ఇంకో మనిషితో ఆ భాషలో చేతులు కట్టుకోకుండా కూడా మాట్లాడొచ్చని నాకు తెలిసింది మా తోడికోడలు వచ్చాకే.

ఆమె గుంటూరులో మేనమామ గారింట పెరిగిన పిల్ల. కాన్వెంటు చదువు. సన్నటి మనిషి, ఇంకా సన్నటి గొంతు. ఫోను చేతిలోకి తీసుకుంటే ఆ గొంతులోంచి ఇంగ్లీషు నెయ్యి కరిగినట్టు జారేది. 'వెనెవర్ ఇట్ సూట్స్ యూ.' 'నో హర్రీ ఎట్ ఆల్.' 'ఎనీ టైమ్ దట్ వర్క్స్ ఫర్ యూ.' బ్యాంకు ఆఫీసరుతోనూ అంతే, గ్యాసు కంపెనీ వాళ్ళతోనూ అంతే. అవతలివాళ్ళ వీలే తన వీలన్నట్టు మాట్లాడేది, విచిత్రంగా పనులన్నీ తనకు వీలైన వేళకే అయిపోయేవి. నేను మొత్తుకుని మొత్తుకుని తెప్పించే గ్యాసు బండ, ఆమె తొందరేం లేదంటే సాయంత్రానికి గుమ్మంలో ఉండేది. ఎవరికి చెప్పుకోను?

అసలు దెబ్బ మా మామగారికి, అదే మామయ్యకి, గుండెనొప్పి వచ్చిన రోజున తగిలింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన గుండె డాక్టరు తమిళాయన, తెలుగు రాదు. ఇంటి మగవాళ్ళు ఎరువుల కొట్లో ఉన్నారు. ఫోను చేసింది నేనే. మా నాన్నని తలుచుకుని, ఊపిరి బిగబట్టి, "ఐ హంబ్లీ రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్ టు కైండ్లీ గ్రాంట్ అస్ టైమ్ ఎట్ యువర్ ఎర్లియస్ట్ కన్వీనియెన్స్" అన్నాను.  అవతల కాంపౌండరు తెలుగులో, "కోర్టు నుంచా మేడమ్ మాట్లాడేది? డాక్టరుగారు ఏ కేసులోనూ లేరండీ" అని పెట్టేశాడు. మా తోడికోడలు పక్కనుంచి నా చేతిలో ఫోను మెల్లగా తీసుకుని, మళ్ళీ కలిపి, ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పింది. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు డాక్టర్, మేం ఇంట్లోనే ఉంటాం, ఆయనకు మాత్రం ఊపిరి కష్టంగా ఉంది, అని. అరగంటలో డాక్టరు మంచం పక్కన ఉన్నాడు. మామయ్య ప్రాణం నిలిచింది. ఆ రాత్రి దేవుడికి కొబ్బరికాయ కొట్టాను, మనసారా కొట్టాను. కొట్టినప్పుడు కాయ సగానికి సరిగ్గా పగిలింది. నా మనసే సరిగ్గా పగల్లేదు. "మా చిన్నమ్మాయి నోటి మంచితనమే ఆయన్ని నిలబెట్టింది" అని మా అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను అందరికీ కాఫీలు ఇచ్చాను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, నవ్వినా పర్లేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు వంటింట్లో తలుపు దగ్గరగా వేసి ఆ మాటలు సాధన చేశాను. కుక్కరు ముందు నిలబడి, "నో హర్రీ, టేక్ యువర్ టైమ్" అనేదాన్ని. అనగానే అది కూత పెట్టేది. దానికి కూడా నా ఇంగ్లీషు మీద గురి లేదు.

ఇప్పుడు తద్ది సంగతి. అట్లతద్ది నోము పట్టిన ఆడది ఎప్పటికైనా ఉద్యాపన చేసుకోవాలి. మా ఇంటి ఆనవాయితీలో పదిమంది ముత్తయిదువులను పిలవాలి. ముందురోజే వాళ్ళ గడపకు వెళ్ళి, బొట్టు పెట్టి, తలంటుకోవడానికి కుంకుడుకాయలు, పసుపు, చేతులకు గోరింటాకు ఇచ్చి రావాలి. మర్నాడు వాళ్ళు కూడా ఉపవాసం ఉండి, చంద్రుడొచ్చే వేళకు వచ్చి అట్ల వాయనం పుచ్చుకోవాలి. చేసుకునే మనిషి మెళ్ళో మంగళసూత్రం ఉన్నప్పుడే అది. మా అత్తయ్యకు ఆ ఉద్యాపన మిగిలిపోయింది. ఒక ఏడు పురుడు, ఒక ఏడు మైల, ఒక ఏడు పత్తికి పురుగు పడి ఇంట్లో ఎవరికీ మనసు లేదు, ఒక ఏడు ఇల్లు కట్టడం. ప్రతి తద్దికీ "ఈ ఏడు వీలు కాలేదు, వచ్చే ఏడు చూద్దాంలే" అనేది. అట్లా వీలు చూస్తూ చూస్తూ ముసలిదైపోయింది. మామయ్యకు రెండోసారి కూడా గుండెనొప్పి వచ్చాక, ఒకరోజు గోంగూర ఒలుస్తూ తలెత్తకుండా, "ఈ ఏడు చేసేద్దామే" అంది. ఎందుకో మాకందరికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

పిలుపులకు వాడే వెండి కుంకుమ భరిణ ఒకటి మా ఇంట్లో ఉంది. మూత మీద చిన్న నెమలి. నేను కాపురానికొచ్చిన దగ్గరనుంచీ అది పట్టుకుని వీధుల్లోకి వెళ్ళింది నేనే. పెద్దకోడలికి ఉన్న పెద్దరికం అంతా ఆ అరచేతి వస్తువులోనే ఉంటుంది. ఆ సారి అత్తయ్య దాన్ని బీరువాలోంచి తీసి, చింతపండు వేసి తోమి, తీసుకెళ్ళి మా తోడికోడలి చేతిలో పెట్టింది. "డాక్టరు భార్యనీ, బ్యాంకులో ఆ ఒరియా అమ్మాయినీ కూడా పిలుద్దాం. చిన్నమ్మాయి మాట మెత్తన. ఆమె పిలిస్తే కాదనరు" అంది. నాతో, "పెద్దమ్మాయ్, మినప్పప్పు నువ్వు చూసుకో. నీ చేతి పిండి పొంగుద్ది" అంది. పొంగింది పిండి కాదు. సరే తల్లీ అని పప్పు నానబోశాను.

మా తోడికోడలు భరిణని దేవుడి అలమరలో భద్రంగా పెట్టి, ఫోను తీసింది. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టడం నేను గుమ్మం అవతలనుంచి విన్నాను. డాక్టరు భార్యకీ, బ్యాంకు అమ్మాయికీ ఇంగ్లీషులో. మా వీధి ఆడవాళ్ళకి తెలుగులో. కానీ ఆ తెలుగు కూడా ఆ ఇంగ్లీషు పోసిన గిన్నెలోదే. "పిన్నిగారూ, శుక్రవారం మా అత్తయ్యగారి ఉద్యాపనండీ. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు రండి. అస్సలు ఇబ్బంది పడొద్దు. తొందరేం లేదు." ఎంత తియ్యగా ఉందో! నేను పిలిస్తే ఇంత మర్యాద ఎక్కడుంటుంది, 'రేపు దీపాల వేళకి వచ్చి చావండి' అన్నట్టుంటుంది అనుకుని కుళ్ళుకున్నాను. కుంకుడుకాయలు, గోరింటాకు ఇవ్వడానికి గురువారం ఎట్లాగూ తిరుగుతుందిలే, అప్పుడు వేళ చెప్తుందిలే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మూడింటి పాలకు పిన్ని వచ్చింది. "ఏందే, మీ అత్త తద్ది మళ్ళీ వాయిదా పడిందంటగా?"

"ఎవరన్నారు పిన్నీ?"

"అందరూ అంటన్నారు. చిన్నమ్మాయి ఫోన్లో వీలైతే రండి అందంట. వేళ చెప్పని పిలుపు పిలుపేంది? బొట్టు లేదు, కుంకుడుకాయ లేదు. వస్తే రండి, లేకపోతే మానండి అన్నట్టుందని మూలింటి వదిన మూతి తిప్పింది. రేపు వాళ్ళంతా మిరప తోటలో కలుపుకి పోతన్నారు, అన్నం క్యారేజీలు కట్టుకుని."

నా లోపల ఏదో లేచి కూర్చుంది. సంతోషం అనడానికి నోరు రావట్లేదు గానీ, అదే. చూశారా మరి, మెత్తటి మాటలు మా పల్నాట్లో చెల్లవు, ఇక్కడ వేళ పెట్టి, గట్టిగా పిలిచి, రాకపోతే తిడతామని చెబితేనే అది ప్రేమ, అని ఎవరికో చెప్పాలనిపించింది. వెనక్కి తిరిగాను. గది గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. మామయ్య మాత్రల పెట్టె ఒక చేతిలో ఉంది. రెండో చెయ్యి నల్లపూసల మీద ఉంది. అంతా వింది. "పోన్లే," అంది, "వచ్చే ఏడు..." అని అక్కడ ఆగిపోయింది. లోపలినుంచి మామయ్య దగ్గు వినిపించింది. ఆమె ఆ మాట పూర్తి చెయ్యలేదు. నేను చెయ్యనివ్వలేదు. ఆ పూటకు నా అసూయ, అలమరలో భరిణ పక్కన కూర్చోమంటే కూర్చుంది.

అప్పటికే వేరు కాపురం పెట్టుకున్న మా తోడికోడలికి ఫోను చేసి, "ఉన్నదానివి ఉన్నట్టు రా, ఇప్పుడే" అన్నాను. వచ్చింది. విషయం వినగానే ముఖం పాలిపోయింది. "నేను మర్యాదగా అనే కదా అక్కా చెప్పాను" అంది. ఏడవడానికి వేళ లేదమ్మా అని, ఒక చేతికి కుంకుడుకాయల సంచి, ఇంకో చేతికి గోరింటాకు బుట్ట ఇచ్చాను. భరిణ నేను తీసుకున్నాను. ఆ కంగారులో కూడా అది నా చేతిలో పడగానే హాయిగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

మొదట మూలింటి వదిన. గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. "ఏమ్మా చిన్నకోడలా, మా వీలు చూసుకోమన్నావుగా. చూసుకున్నాం. మాకు వచ్చే ఏడు వీలవుద్ది" అంది.  మా తోడికోడలి నెయ్యిలాంటి గొంతు ఎక్కడికో పోయింది. నేను వదిన పక్కనే గడపలో చతికిలబడి, గడ్డం పట్టుకుని బొట్టు పెట్టాను. "వచ్చే ఏటిదాకా మా అత్త అట్లు చల్లారిపోతాయి వదినా. తెల్లారితే తలంటుకో, ఏమీ తినమాక. దీపాలు పెట్టే వేళకి మా ఇంట్లో ఉండాలి. చంద్రుడు వచ్చాడూ నువ్వు రాలేదూ, మళ్ళీ నీ గడప తొక్కితే ఒట్టు" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత మా ఇంటి వైపు చూసింది. ఆమెకూ తెలుసు, ఈ ఏడు ఎందుకో. "తొక్కకపోతే నాకేంది నష్టం, చిక్కుడుకాయలు మిగుల్తాయి" అని నవ్వి, కుంకుడుకాయలకు కొంగు పట్టింది. "ఇట్టా చెప్పాలిగా ముందే" అంది.

అట్లా ఇల్లిల్లూ తిరిగాం. ఆఖరి ఇంటినుంచి వస్తుంటే మా తోడికోడలు తల వంచుకుని అంది: "వేళ చెప్తే వాళ్ళకి ఇబ్బందేమో అనుకున్నానక్కా. అమ్మ పోయాక గుంటూరు మావయ్య ఇంట్లో నేనెప్పుడూ ఫలానప్పుడు కావాలని ఏదీ అడగలేదు. ఫీజైనా, జ్వరానికి మందైనా. మీకు వీలైనప్పుడు, తొందరేం లేదు, అనేదాన్ని. అట్లా అడిగితే ఎవరూ విసుక్కోరు." నేను ఊఁ అన్నాను.  అప్పటికి నాకు అది సగమే ఎక్కింది. ఆ గొంతు కాన్వెంటులో వచ్చిందనుకుని నేను కుళ్ళుకుంటుంటే, ఆ మాట వచ్చింది వేరేచోట నుంచి. నాకు మా నాన్న తన సాయంత్రాలన్నీ ఇచ్చాడు. ఆమెకు ఎవరి వేళా తనది కాదు.

మర్నాడు దీపాల వేళకి పదిమందీ వచ్చారు. అందరికంటే ముందొచ్చింది డాక్టరు భార్యా, బ్యాంకు అమ్మాయీ. ఇంగ్లీషులో పిలిచిన ఆ ఇద్దరూ ఆ మాటను మాటగానే తీసుకుని, మరి ఏ వేళ, ఏం తినకూడదు, అని తిరిగి ఫోను చేసి అడిగారట. తలంటుకుని, ఉపవాసం ఉండి, పట్టుచీరలు కట్టుకుని కూర్చున్నారు. మూలింటి వదిన వాళ్ళని చూసి, "పరాయోళ్ళు మనకన్నా నయం" అని అందరికీ వినపడేట్టు అంది. చంద్రుడు డాబాల మీదుగా ఎక్కాడు. అత్తయ్య అట్లున్న చేట కొంగుతో కప్పి, "ఇస్తినమ్మ వాయనం" అంటే, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ఒక్కొక్కరూ అందుకున్నారు. మామయ్య కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని, తనకేదో కొత్తగా పెళ్ళవుతున్నట్టు చూస్తున్నాడు. నా కళ్ళు నిండిపోయాయి. స్వామీ, ఇది చాలు అనుకున్నాను. అంతలో అత్తయ్య నా చెవి దగ్గరకు వంగి, "చూశావా, చిన్నమ్మాయి పిలిస్తే ఎట్టా వచ్చారో!" అంది.

చాలు అనుకున్నది వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వీధంతా తిరిగి పాదాలు వాచినదాన్ని, ఆ రాత్రి పడుకోబోతూ కూడా దాని గురించే మండిపడ్డాను. పొద్దున్నే దేవుడి అలమర తెరిస్తే, భరిణ నా పూజ సామాను వైపు పెట్టి ఉంది. అత్తయ్య పెట్టిందో, మా తోడికోడలు పెట్టిందో నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. మామయ్య ఆ చలికాలం దాటలేదు. ఆయన పోయిన వేళ అత్తయ్య ఎవరినీ నిందించలేదు. చెయ్యవలసింది చేసుకున్నానని ఒక్క మాట అంది. ఆ మాట అనే భాగ్యం ఆమెకు ఒక్క సాయంత్రం తేడాతో దక్కిందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకే, పిన్ని కబురు చెప్పిన పొద్దున, పాలు పొయ్యి మీద కూడా పెట్టకుండా భరిణ పట్టుకుని బయల్దేరాను. మా తోడికోడలు వరండాలో సూట్‌కేసు సర్దుకుంటోంది. నన్ను చూసి నోరు తెరవబోయి, గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. గట్టిగా మాట్లాడొద్దన్నారట. "తొందరేం లేదంటివిగా. నాకు ఇప్పుడే వీలైంది" అన్నాను. ఏడ్చింది, శబ్దం లేకుండా. ఆ గొంతు మళ్ళీ అట్లాగే వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేమన్నారని మా మరిది మెల్లగా చెప్పాడు. ఇన్నేళ్ళు నేను ఓర్వలేకపోయిన గొంతు అది. పోతే పోనీ అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పోతే నేను దేన్ని చూసి కుళ్ళుకోను?

అంతలో ఆమె ఫోను మోగింది. మద్రాసు ఆసుపత్రి. ఆమె స్పీకరు నొక్కింది. అవతల అమ్మాయి ఇంగ్లీషులో, ఆపరేషన్ పై వారానికి మార్చుకోవచ్చా, మీకు వీలైన రోజు ఏదైనా చెప్పండి అంటోంది. మా తోడికోడలు తలూపబోయింది, నాకు కనపడుతూనే ఉంది, ఎప్పుడైనా సరే, మీ వీలు, అన్నట్టు. నేను ఫోను లాక్కున్నాను. మా నాన్న అర్జీలు గుర్తు రాలేదు, ఆమె నెయ్యీ నాకు రాదు. "థర్స్‌డే సూట్స్ అస్," అన్నాను. "ఓన్లీ థర్స్‌డే." అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. ఓకే మేడమ్ అంది. మా తోడికోడలు నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను భరిణ మూత తీసి ఆమెకు బొట్టు పెట్టాను. "వచ్చే తద్దికి, దీపాలు పెట్టే వేళకి మా ఇంట్లో ఉండాలి. నీ పొయ్యి వెలిగించమాక. రాకపోతే తిడతాను" అన్నాను. తలూపింది.

ఇది రాస్తున్నది మంగళవారం. కాలం మన వీలు ఎప్పుడూ అడగలేదు, అడగదు. మనమే దానికి వేళ పెట్టి, బొట్టు పెట్టి, గట్టిగా పిలుచుకోవాలి. ఇది చదివే తల్లులకు నాదొక్కటే మనవి. మా తోడికోడలి పేరు నేను చెప్పను, నరసరావుపేట చిన్నకోడలు అంటే దేవుడికి తెలుస్తుంది. ఆమెను ఒక్కసారి తలుచుకోండి. మీకు వీలైనప్పుడు కాదు. ఈ సాయంత్రం, దీపం పెట్టే వేళకి.